భీమిలి దాకా వదినతో

మా వదిన పోయింది. దువ్వాడ రైల్వే స్టేషన్లో, సిమెంటు బల్ల మీద, ఒళ్ళో టిఫిన్ క్యారేజీ పెట్టుకుని, కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. నలభై ఏళ్ళింకా నిండలేదు.

రాసి చూసుకున్నా నమ్మకం కుదరడం లేదు. పోయిందన్న మాట ఒక ఎత్తు, కూర్చుని పోయిందన్న మాట ఇంకొక ఎత్తు. మీలో విశాఖపట్నం పాత ఊరివైపు, బీచి రోడ్డువైపు ఉండేవాళ్ళు ఆవిడను చూసే ఉంటారు. తెల్లారగట్ల చీరను జాలరి ఆడవాళ్ళలా గోచీపోసి కట్టి, కొంగు నడుముకు బిగించి, వట్టి కాళ్ళతో సముద్రం పక్కన పరుగెత్తుకుంటూ పోయే మనిషి ఒకావిడ ఉండేది. పిచ్చిదనుకున్నవాళ్ళు ఉన్నారు, దొంగను తరుముతోందనుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆవిడే మా వదిన. మా అన్నయ్య భార్య.

ఆ ఉదయం నేను అనకాపల్లి స్టేషన్లో ఆవిడ కోసం నిలబడి ఉన్నాను. పెళ్ళయ్యాక నా కాపురం అనకాపల్లిలోనే. మర్నాడు ఇద్దరం కలిసి బొజ్జన్నకొండ ఎక్కి, అటునుంచి పొలాలకు అడ్డంపడి తిరిగి రావాలని అనుకున్నాం. పాసింజరు వచ్చి ఆగింది. వదిన ఎప్పుడూ బండి పూర్తిగా ఆగకముందే దూకేస్తుంది, ఎంత చెప్పినా వినదు. అందుకని బండి నెమ్మదించినప్పటి నుంచే తలుపులన్నీ వెతుక్కుంటూ నిలబడ్డాను. ఎక్కడా లేదు. బండి తప్పిపోయిందేమో అనుకోవడానికి మనసొప్పలేదు. కదిలే బండిని అందుకోవడం ఆవిడకు ఒక లెక్క కాదు. కాస్త కోపంగానే ఇంటికి వచ్చి, ఆవిడ కోసం వండిన కూర మీద మూత పెట్టాను.

మధ్యాహ్నం అన్నయ్యతో పనిచేసే ఆయన స్కూటరు మీద వచ్చాడు. గుమ్మం బయటే ఆగిపోయి, "మీ వదినమ్మ దువ్వాడ టేసన్లో పోనారమ్మా" అన్నాడు.

ఎక్కడికి పోయిందని అడిగాను. ఆయన తల దించుకున్నాడు.

కదిలే బండి ఎక్కబోయి జారిపడిందేమో అనుకున్నాను. అలా అయితే గుండెలు బాదుకునేదాన్ని కానీ, నమ్మేదాన్ని. అది కాదు. బల్ల మీద కూర్చుంది. బండి వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. ఆవిడ లేవలేదు. టీ అమ్మే అతను నిద్రపోతోందనుకుని, "అమ్మా, బండెలిపోతంది" అని కేకేశాడట. తలలో నరం చిట్లిందన్నారు డాక్టర్లు. ముందురోజు కూడా ఆవిడ పరుగెత్తింది. తలనొప్పి అని కూడా అనలేదు.

మాది క్రైస్తవ కుటుంబం. మట్టి చేసిన తర్వాత చర్చిలో జ్ఞాపకార్థ కూటం పెట్టారు. పాస్టరు అయ్యగారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. నిలబడే ఉండిపోతే ఎవరో చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఆరోజు చెప్పలేకపోయినవి ఇప్పుడు రాస్తున్నాను. రాస్తే అయినా ఇది జరిగిందని నాకు తెలిసి వస్తుందేమో.

వదినది సబ్బవరం దగ్గర పల్లె. డెబ్బైల మొదట్లో మా ఇంటికి వచ్చింది. అప్పుడు మేం పాత ఊళ్ళో, పోర్టుకు దగ్గరగా ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. ఆరేసిన బట్టల మీద ఇనుప ఖనిజం ఎర్రటి ధూళి పడేది. ఓడ కూత వేస్తే గిన్నెలు అదిరేవి. అన్నయ్యకు పోర్టులో ఉద్యోగం. నాన్నగారు అంతకుముందే పోయారు. ఇంట్లో అమ్మ, అన్నయ్య, కాలేజీకి వెళ్ళే నేను. వదిన నాకంటే కొంచెమే పెద్దది.

వచ్చిన వారంలోనే ఒకనాటి పొద్దున్న ఇంట్లో కనిపించలేదు. కొత్త కోడలు ఎటు పోయిందో తెలియక అమ్మ వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతోంది. అన్నయ్య చొక్కా తొడుక్కుంటున్నాడు. అంతలో మోకాళ్ళ దాకా తడిసిన చీరతో, ఎర్రబడిన మొహంతో వదిన పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగింది. సముద్రం చూడటానికి వెళ్ళానని చెప్పింది. చూసి రావచ్చు కదా, పరుగెందుకని అమ్మ అడిగింది. వదిన సిగ్గుపడి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత నాతో చెప్పింది. పల్లెలో తండ్రికి పొలానికి అన్నం పట్టుకెళ్ళేటప్పుడు గట్ల మీద పరుగెత్తేదట. బడిలో పరుగుపందెం పెడితే మగపిల్లలను దాటేసేదట. పెద్దమనిషయ్యాక బడి మానిపించారు, పరుగూ మానిపించారు. ఇక్కడ ఇంత పొడుగున తడి ఇసుక, మధ్యలో గట్లు లేకుండా, ముళ్ళు లేకుండా పరుచుకుని ఉంటే కాళ్ళు ఊరుకోలేదట.

చిన్నప్పటి నుంచి నాకు ఆయాసం. అమ్మ నాకు చలిగాలి తగలనిచ్చేది కాదు. మెట్లు ఎక్కితే పిల్లికూతలు వచ్చేవి. అలాంటి నన్ను వదిన బీచికి తీసుకెళ్తానంది. తోడు కావాలని సాకు చెప్పింది. కొత్త కోడలు ఒక్కతీ వెళ్ళడం కంటే ఆడపడుచుతో వెళ్ళడం నయమని అమ్మ ఒప్పుకుంది. మొదటి రోజు కాస్త దూరం పరుగెత్తి ఇసుకలో కూలబడ్డాను. వదిన నా పక్కన గొంతుక్కూర్చుని, "మాటాడుతా పరిగెట్టు గుంటా. మాట రానప్పుడు నడువు. మాటొచ్చినాక మళ్ళీ పరిగెట్టు" అంది. గుంట అంటే మా వైపు పిల్ల అని. పోయేదాకా నన్ను అలాగే పిలిచింది.

మా పరుగులు అలా మాటలతోనే సాగాయి. కాలేజీ సంగతులు, అన్నయ్య గురక, చర్చిలో ఎవరి చీర ఎలా ఉంది, అన్నీ పరుగెత్తుతూనే మాట్లాడుకున్నాం. ఆయాసం పూర్తిగా పోలేదు కానీ, దానితో ఎలా మెలగాలో తెలిసింది. జాలారిపేట దగ్గర వలలు దులిపే ఆడవాళ్ళు మమ్మల్ని చూసి మొదట కంగారుపడేవాళ్ళు. ఒక పెద్దావిడ అడ్డంగా వచ్చి నిలబడి, "ఏటమ్మా, ఎవులు తరుముతన్నారు మిమ్మల్ని?" అని అడిగింది.

"ఎవులూ నేదప్పా. ఊరికే" అంది వదిన.

"ఊరికే పరిగెడతారేటి ఎవులైనా?"

"నువ్వూ రా. తెలుస్తాది."

ఆ పెద్దావిడ రాలేదు కానీ, మర్నాటి నుంచి మా కోసం చూసేది. ఒకరోజు వెళ్ళకపోతే ఎందుకు రాలేదని నిలదీసేది.

అన్నయ్య మాట తక్కువ మనిషి. ఎవరో ఏదో అన్నారని చెప్పినా ఊరుకునేవాడు. ఒక నెల జీతం రాగానే వదినకు తెల్ల క్యాన్వాసు బూట్లు కొనుక్కొచ్చాడు. ఆవిడ మురిసిపోయి రెండు రోజులు తొడుక్కుంది. మూడో రోజు విప్పి చేత్తో పట్టుకుని తిరిగి వచ్చింది. "కాళ్ళకి గంతలు కట్టినట్టుంది" అని చెప్పి, వాటిని శుభ్రంగా తుడిచి బీరువాలో పెట్టుకుంది. చర్చికి మాత్రం వేసుకునేది. పట్టుచీర కింద క్యాన్వాసు బూట్లు.

ఇక్కడి దాకా రాయడం తేలికగానే ఉంది. తర్వాతది రాయడం కష్టం. కానీ అది రాయకుండా మా వదిన గురించి రాసినట్టు కాదు.

రెండో ఏట వదినకు నెల తప్పింది. తెలిసిన రోజే పరుగు ఆపేసింది. అయినా మూడో నెలలో పోయింది. మరుసటి ఏడు మళ్ళీ అలాగే అయింది. చూసిన డాక్టరమ్మ పరుగుకూ దీనికీ సంబంధం లేదని, చాలామందికి ఇలా జరుగుతుందని స్పష్టంగా చెప్పింది. ఎవరు వింటారు. చర్చిలో ఆడవాళ్ళు ప్రార్థన అయ్యాక అమ్మ చుట్టూ చేరేవాళ్ళు. అలా గెంతితే కడుపెలా నిలుస్తుందని ఒకరు, ఆడది రోడ్డున పడి పరుగెడితే దేవుడు మాత్రం ఏం చేస్తాడని ఒకరు. అమ్మ విని విని ఇంటికి తెచ్చేది. ఒకరోజు అన్నం దగ్గర అనేసింది. ఆ కాళ్ళే ఇంటికి పిల్లలు లేకుండా చేశాయంది. వదిన ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగింది. ఆ ముద్ద తిని, లేచి కంచం కడుక్కుంది.

ఆ రోజుతో పరుగు మానేసింది. ఒకరు వద్దంటే మానినట్టు కాదు, ఆ మాటే ఎన్నడూ ఎరగనట్టు మానేసింది. పొద్దున్నే లేచి నేనే తయారై కూర్చుంటే, నువ్వెళ్ళమని చెప్పి పొయ్యి వెలిగించుకునేది. అన్నం వారుస్తూ ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడేది. కుళాయి దగ్గరికి కూడా మెల్లగా నడిచేది. అలా రెండేళ్ళు గడిచాయి.

మూడోసారి నిలిచింది. మంచం దిగనివ్వలేదు. అమ్మ అన్నీ మంచం దగ్గరికే అందించేది, రాత్రింబవళ్ళు ప్రార్థనలు చేసేది. నెలలు గడిచేకొద్దీ ఇంట్లో అందరి గొంతులూ మెత్తబడ్డాయి. ఏడో నెలలో కడుపులో కదలిక ఆగింది. పుట్టినవాడు ఏడవలేదు. అన్నయ్య ఒక చిన్న పెట్టె చేయించుకుని, తనే మోసుకుని సమాధుల తోటకు వెళ్ళాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక వదిన నెల రోజులు గోడకేసి తిరిగి పడుకుంది. ఏడవలేదు. పలకరిస్తే పలికేది. ఒకనాటి ఉదయం అమ్మ వంటింట్లో రాగిపిండితో చోడంబలి కాచి, సీసాలో పోసి, సంచిలో పెట్టుకుంది. వెళ్ళి వదిన మంచం పక్కన నిలబడింది. నేను జడ వేసుకుంటూ చూస్తున్నాను.

"లెగమ్మా. సముద్రం కాడికెల్దాం."

"ఎందుకత్తమ్మా?"

"నువ్వు పరిగెడుదువు గాని. నాను కూకుంటాను."

వదిన కదల్లేదు. అమ్మ మంచం మీద కూర్చుని, దుప్పటి మీదినుంచే ఆవిడ కాళ్ళ మీద చెయ్యి వేసింది. "నీ కాళ్ళ తప్పేటీ నేదే. ఇన్నాళ్ళూ మంచం మీదే కదా ఉన్నావు. నాను నోరు జారినాను. ఇంక ఎవుల్నీ ఆ మాట అననివ్వను" అంది.

ఆ రోజు వదిన పరుగెత్తలేదు. అమ్మ పక్కన ఇసుకలో కూర్చుని అంబలి తాగింది, అంతే. వారం పది రోజులకు నడిచింది. తర్వాత పరుగు మొదలైంది. అమ్మ రోజూ వచ్చి కూర్చునేది. చర్చి ఆడవాళ్ళలో ఒకావిడ అటు వస్తే, "మా కోడలు, మా ఇస్టం" అని అడక్కముందే చెప్పింది.

ఆ ఏడాది క్రిస్మస్ వెళ్ళాక వదిన భీమిలి దాకా పోవాలంది. సముద్రం వెంబడే, రోడ్డెక్కకుండా. ముప్పై కిలోమీటర్ల పైమాటే. ఎందుకని అడిగితే కారణం చెప్పలేదు. ఒక దూరం వెళ్ళి రావాలని ఉంది, అంతే. అన్నయ్య సైకిలు మీద రోడ్డు వెంట వస్తానన్నాడు. రోడ్డు ఒడ్డుకు దగ్గరైన చోటల్లా ఆగి మాకు నీళ్ళివ్వాలి. అమ్మ మొదటి బస్సెక్కి భీమిలిలో దిగి ఉంటుంది.

వెలుగు రేకలు విచ్చుకునే వేళకు బయల్దేరాం. చలికి ఇసుక కాళ్ళకు మంచుగడ్డలా తగిలింది. జోడుగుళ్ళపాలెం దాటాక ఎండ వచ్చింది. తీరానికి తెప్పలు చేరుతున్నాయి. మాట్లాడుతూ పరుగెత్తాం, నడిచాం, మళ్ళీ పరుగెత్తాం. రుషికొండ దగ్గర అన్నయ్య నిలబడి ఉన్నాడు. నీళ్ళు, బెల్లం ముక్కలు ఇచ్చి, వదిన మొహం ఒకసారి పరీక్షగా చూసి సైకిలెక్కాడు.

మంగమారిపేట దగ్గర బండలు సముద్రంలోకి చొచ్చుకుని ఉంటాయి. మేం వెళ్ళేసరికి పోటు. బండల పైనుంచి చుట్టూ తిరిగి పోవచ్చు కానీ తుప్పలు, చాలా దూరం. కెరటం వెనక్కి లాగినప్పుడు కిందనుంచి దాటేద్దామనుకున్నాం. వదిన దాటేసింది. నేను సగంలో ఉండగా కెరటం వచ్చి కొట్టింది. కాళ్ళ కింద నేల లేదు. ముక్కుల్లో, నోట్లో ఉప్పునీళ్ళు. ఏది పైనో ఏది కిందో తెలియలేదు. జుట్టు కుదుళ్ళ నుంచి ఊడిపోతున్నంత నొప్పి మాత్రం తెలిసింది. వదిన వెనక్కి దూకి నా జడ పట్టుకుంది.

నన్ను బండ మీదికి ఈడ్చి పడేసింది. నీళ్ళు కక్కాను. ఆ తర్వాత ఊపిరి అందలేదు. చిన్నప్పటి నుంచి ఎరిగిన ఆయాసమే, కానీ అంత దారుణంగా ఎప్పుడూ రాలేదు. ఆకాశం నల్లబడింది. చుట్టూ మనుషులు లేరు. అన్నయ్య రోడ్డు మీద ఎక్కడో ఉన్నాడు. వదిన నా రెండు బుగ్గలూ పట్టుకుని మొహంలో మొహం పెట్టింది. భయం ఉంటే ఉండవచ్చు, కనిపించనివ్వలేదు.

"నా మొకం సూడు. మీ అమ్మ సేపల పులుసులో ఏటేటి ఏస్తాది? సెప్పు."

నేను తల అడ్డంగా ఆడించాను.

"నాకు రాదు గుంటా. నువ్వు సెప్తేనే వస్తాది. ముందు ఏటేస్తాది?"

"చింతపండు" అన్నాను. ఆ మాటకు ప్రాణం పోయినంత పనైంది. తర్వాత అని అడిగింది. మెంతులన్నాను. తర్వాత అంది. ఒక్కొక్క మాటా ఒక్కొక్క ఊపిరి. పచ్చిమిర్చి దగ్గరికి వచ్చేసరికి ఛాతీలో ముడి కాస్త వదిలింది. కొత్తిమీర వేసి దింపేసరికి నేను ఏడుస్తున్నాను, ఆవిడ నవ్వుతోంది. ఎన్నోసార్లు ఆ పులుసు ఆవిడే వండిందని నాకు తర్వాత గుర్తొచ్చింది.

ఇక నా వల్ల కాదు, నన్ను అన్నయ్య దగ్గర దింపేసి నువ్వెళ్ళు అన్నాను. "నువ్వు నేకపోతే దార్లో ఎవులితో మాటాడతాను?" అంది. లేవదీసి, చెయ్యి పట్టుకుని నడిపించింది. ఎండ నెత్తికెక్కుతోంది. చేపలెండబెట్టిన వాసన వస్తోంది. అప్పుడు, నావైపు చూడకుండా, ముందున్న ఇసుకను చూస్తూ వదిన అంది.

"ముగ్గురికీ పేర్లెట్టుకున్నాను. మీ అన్నకి కూడా సెప్పనేదు."

ఒక్కొక్క పేరూ చెప్పింది. ఆ పేర్లు ఇక్కడ రాయను. చెప్పి, నీళ్ళ అంచున కూలబడి, ఆసుపత్రిలోనూ మంచం మీదా ఏడవని ఏడుపంతా ఏడ్చింది. కెరటాలు వచ్చి ఆవిడ ఒడి దాకా తడిపి పోతున్నాయి. నేను పక్కన కూర్చున్నాను. నాకు ఓదార్చడం రాదు. ఆవిడ జడలో ఇరుక్కున్న ఇసుక దులుపుతూ కూర్చున్నాను. కొంతసేపటికి మొహం సముద్రంలోనే కడుక్కుని, కొంగు బిగించి, ఇప్పుడు పరుగెడదామంది. పరుగెత్తాం. మెల్లగా, ఆగుతూ, భీమిలి లైటుహౌసు కనిపించే దాకా.

అమ్మ అక్కడ ఒక పడవ నీడన కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. వదినను పడవ అంచు మీద కూర్చోబెట్టింది. తను ఇసుకలో కూర్చుని, మరచెంబులో నీళ్ళు వదిన పాదాల మీద పోసింది. ఆల్చిప్పల పెంకులు గుచ్చుకుని అరికాళ్ళు నెత్తురోడుతున్నాయి. అమ్మ ఒక పాదం ఒళ్ళోకి తీసుకుంది.

"అత్తమ్మా, ఏటిది, కాలొదిలీ" అని వదిన వెనక్కి లాక్కోబోయింది. అత్త కోడలి కాళ్ళు పట్టుకోవడం ఎక్కడైనా ఉందా. పడవల దగ్గరి మనుషులు చూస్తున్నారు.

"కదలకు. పెంకులుంటే తియ్యొద్దేటి" అంది అమ్మ. చీర పిన్నుతో ఒక్కొక్కటే తీసింది. అన్నయ్య సైకిలు పట్టుకుని కాస్త దూరంలో, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

వదినకు పిల్లలు పుట్టలేదు. దాని గురించి మళ్ళీ మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ తిరగని చోటు లేకుండా తిరిగింది. అరకు వెళ్ళే పాసింజరులో తలుపు దగ్గర నిలబడి, సొరంగాల్లో కేకలు పెట్టి, తన గొంతు తనకే తిరిగి వస్తుంటే పసిపిల్లలా మళ్ళీ మళ్ళీ అరిచేది. బుర్రా గుహల్లో అందరూ దీపం పట్టుకుని మెట్లు వెతుక్కుంటుంటే తను చీకట్లోకి ముందు నడిచేది. ఎనభైల్లో అన్నయ్య ఉక్కు ఫ్యాక్టరీ పనుల్లో చేరి, దువ్వాడలో ఇల్లు తీసుకున్నాక సముద్రం దూరమైంది. ఏం పోయింది, కొండలు దగ్గరయ్యాయి కదా అంది. పెందుర్తి దాకా పొలాల మీదుగా పరుగెత్తి, బస్సులో తిరిగి వచ్చేది. ఒకసారి బీచి రోడ్డులో ఆడవాళ్ళ పరుగుపందెం పెట్టారు. నిక్కర్లు వేసుకున్న కాలేజీ పిల్లల మధ్య మా వదిన గోచీ చీరతో నిలబడింది. చీరతో పరుగేమిటమ్మా అని నిర్వాహకుడు అడ్డుపడితే, "పరిగెట్టేది సీర కాదు బాబూ, నానే కదా" అంది. మూడో స్థానంలో వచ్చింది. మొదట వచ్చిన పిల్లను ముద్దు పెట్టుకుని, ఏం తింటావమ్మా అని అడిగింది.

శనివారాలు చర్చి ఆడవాళ్ళను వెంటేసుకుని కొండలెక్కించేది. ఒకప్పుడు ఆవిడ కాళ్ళ గురించి మాట్లాడినవాళ్ళు కూడా వాళ్ళలో ఉండేవాళ్ళు. ఆయాసపడి ఆగిపోతే చెయ్యి అందించేది. వాళ్ళు అన్న మాటలు నాకు గుర్తుండేవి. ఆవిడకు గుర్తున్నట్టు ఎప్పుడూ అనిపించలేదు.

అలాంటి మనిషి పెట్టెలో పడుకుని ఉంటే చూడటం అయ్యే పని కాదు. అన్నయ్య వచ్చినవాళ్ళందరితో ఒకటే మాట అంటున్నాడు. "పొద్దున్న కాఫీ ఇచ్చినాది. నవ్వినాది. గేటు కూడా ఏసెల్లినాది." ఓదార్చబోయినవాళ్ళకు కూడా అదే చెప్పాడు, ఎవరైనా వింటే అది తప్పని తేలుతుందేమో అన్నట్టు. అమ్మ పెట్టె దగ్గర తల వైపు రాలేదు. కాళ్ళ వైపే నిలబడింది. పెట్టె మూసేదాకా ఆ పాదాలు చూస్తూ నిలబడింది.

ఇంటికి వచ్చినప్పటి నుంచి నాకు ఒకే దృశ్యం కనిపిస్తోంది. ఆవిడ పోవడానికి కొద్ది వారాల ముందు భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళాం. వదిన, నేను, చర్చి ఆడవాళ్ళు నలుగురైదుగురు. దిబ్బల మధ్య గండ్లలో నడుస్తుండగా వాన పట్టుకుంది. నేలంతా ఎర్రటి నీళ్ళ కాలవలైపోయింది. మేమంతా ఒక మట్టి గోడ చాటున నక్కాం. వదిన ఆగలేదు. జారిపోయే మట్టిలో వేళ్ళు గుచ్చుకుంటూ, మోకాళ్ళు, మోచేతులు ఎర్రగా చేసుకుంటూ దిబ్బ పైకి ఎక్కేసింది. పైన గాలికి నిలబడలేక ఒక చేత్తో కొంగు పట్టుకుని, రెండో చెయ్యి సముద్రం వైపు చాపి మాకేదో చెప్పింది. వాన చప్పుడులో ఒక్క మాటా వినిపించలేదు. ఏమిటని నేను చెవి దగ్గర చెయ్యి పెట్టి అడిగాను. నవ్వుతూ మళ్ళీ చెప్పింది. మళ్ళీ వినిపించలేదు. కిందికి దిగి వచ్చాక అందరం తడిసి నవ్వులాటలో పడ్డాం. అడగడం మరిచిపోయాను.

అక్కడే ఉంది ఇంకా. ఎర్రటి దిబ్బ మీద, వానలో, పెదాలు కదులుతున్నాయి. చెయ్యి సముద్రం వైపు చూపిస్తోంది. అక్కడ ఏం కనిపించిందో.